బ్యాంకు వాళ్ళు మా మిద్దె మీద వీశాట్ డిష్ పెడతామంటున్నారు, స్లాబుకు డ్రిల్ వేయనివ్వొచ్చా?

మెయిన్‌రోడ్డు మిద్దె (ఉరవకొండ)

అన్నలందరికీ నమస్కారం. మాది ఉరవకొండ. మెయిన్ రోడ్డు మీద మా నాయన కట్టించిన ఇల్లు ఉంది, ముందు భాగం ఒక బ్యాంకుకు బాడుగకు ఇచ్చాం, వెనక మేము ఉంటాం. రోడ్డు పనులకు జేసీబీ వచ్చినప్పుడల్లా వాళ్ళ ఫైబర్ కేబుల్ తెగిపోతోంది, పింఛన్ల రోజున ముసలివాళ్ళు సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చోవాల్సి వస్తోంది. అందుకని బ్యాకప్‌గా వీశాట్, అంటే ఉపగ్రహం ద్వారా నెట్ ఇచ్చే డిష్, పెడతారంట. నాకు అభ్యంతరం లేదు, ఊరికి మంచిదే.

నా టెన్షన్ అంతా మిద్దె గురించే. కాంట్రాక్టు వాళ్ళు వచ్చి చూసి పోయారు. డిష్ 1.2 మీటర్లంట. మెట్ల గది పైన ఆరడుగుల పైపు నిలబెట్టి, స్లాబులోకి నాలుగు యాంకర్ బోల్టులు దించుతామంటున్నారు. ఎందుకంత ఎత్తు అని అడిగితే "సిగ్నల్ బాగా రావాలంటే ఎత్తులో ఉండాలి" అన్నారు. మా ఇల్లు రెండు రకాలు. వెనక సగం పాత బండల మిద్దె, ఇనుప గర్డర్ల మీద బండలు పరిచి పైన సున్నపు గచ్చు వేసింది. ముందు సగం ఆర్‌సీసీ స్లాబు, దాని మీద కూడా ఒక మూల వానొస్తే ఉరుస్తుంది, పోయినేడే కెమికల్ పూయించాం. ఇక ఆషాఢం గాలి సంగతి మన వాళ్ళకు చెప్పనక్కర్లేదు, గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా ఇక్కడ. ఆ గాలికి అంత డిష్ ఊగి బోల్టుల దగ్గర స్లాబు పగిలితే ఎవరిది బాధ్యత? పక్కింటి వాళ్ళేమో రేడియేషన్ వస్తుందని అప్పుడే గొడవ మొదలుపెట్టారు. తెలిసినవాళ్ళు చెప్పండి, డ్రిల్ వేయనివ్వాలా వద్దా?

సిగ్నల్ కడప

అన్నా, నేను రాయలసీమ జిల్లాల్లో వీశాట్‌లు బిగించే పనిలోనే ఉన్నాను. ముందు ఆ "ఎత్తులో ఉండాలి" అన్న మాట పక్కన పెట్టండి. సెల్ టవరుకు ఎత్తు కావాలి, పాతకాలం టీవీ ఏరియల్‌కు ఎత్తు కావాలి. ఉపగ్రహం డిష్‌కు ఎత్తుతో పని లేదు. ఉపగ్రహం ఉండేది భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల దూరంలో, మీరు ఇంకో ఆరడుగులు పైకి జరిగితే దానికి ఒరిగేదేమీ లేదు. డిష్‌కు కావలసింది ఒక్కటే, అది చూసే దిక్కులో అడ్డం లేకపోవడం.

మన సీమలో ఉపగ్రహం దాదాపు నడినెత్తిన ఉంటుంది. మేం ఎక్కువగా తిప్పేది 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-11, జీశాట్-18 వైపు, లేదా 83 డిగ్రీల్లో ఉన్న జీశాట్-30 వైపు. అనంతపురం నుంచి చూస్తే రెండూ నేల నుంచి దాదాపు 72 డిగ్రీల ఎత్తులోనే ఉంటాయి. మొదటిది దక్షిణం నుంచి కొంచెం పడమరకు, రెండోది దక్షిణం నుంచి తూర్పుకు ఒక ఇరవై డిగ్రీలు. 72 డిగ్రీలంటే అడ్డంగా ఉన్నది డిష్ కంటే మూడడుగులు ఎత్తుంటే ఒక అడుగు దూరం జరిగితే చాలు. మూడడుగుల పిట్టగోడ వెనకాల కింద కూర్చోబెట్టినా దర్జాగా ఆకాశం కనిపిస్తుంది. దక్షిణాన ముప్పై అడుగుల బిల్డింగు ఉన్నా పదీ పన్నెండు అడుగుల ఎడం ఉంటే అడ్డం రాదు. ఢిల్లీలో ఈ లెక్క పనిచేయదు, అక్కడ ఉపగ్రహం ఇంకా కిందికి వాలి ఉంటుంది. మనకు ఈ సౌకర్యం ఉన్నప్పుడు పోయి పోయి మెట్ల గది నెత్తిన, ఊళ్ళో గాలంతా మొదట తగిలే చోట పెట్టడమెందుకు?

పైపు ఎత్తుగా ఉంటే ఇంకో చిక్కు ఉంది. 1.2 మీటర్ల డిష్ పంపే తరంగాల పుంజం వెడల్పు 14 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర డిగ్రీన్నర కూడా ఉండదు. పైపు గాలికి అర డిగ్రీ ఊగిందంటే లింకు పడిపోవచ్చు, లేదా పక్క ఉపగ్రహం మీద మన సిగ్నల్ పడి హబ్ (అవతల లింకును నడిపే కేంద్రం) వాళ్ళు ఫోన్ చేసి లైన్ ఆపేస్తారు. కాబట్టి పైపు పొట్టిగా, లావుగా ఉండాలి. బ్యాంకుకైనా అదే లాభం.

ఇక రేడియేషన్. ఇలాంటి చిన్న వీశాట్ పంపేది సాధారణంగా ఒకటి రెండు వాట్లు. అది కూడా సన్నగా, నిటారుగా ఆకాశం వైపు పోతుంది, పక్కింటి వైపు కాదు. పక్కింటి వాళ్ళను పైకి పిలిచి డిష్ ఎటు చూస్తోందో చూపిస్తే అర్థం చేసుకుంటారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ముందున్న కొమ్ము లాంటి ఫీడ్‌కు, పళ్ళేనికి మధ్యలో తలగాని చెయ్యిగాని పెట్టకూడదు. పిల్లలు గాలిపటాలకు పైకి ఎక్కే ఇల్లయితే చుట్టూ చిన్న కంచె అడగండి. బట్టల తీగ దాని ముందు నుంచి లాగొద్దు. తడి దుప్పటి ఆరేస్తే లింకు పోతుంది, మేం కడప నుంచి ఎండలో వచ్చి చూస్తే దుప్పటి కనిపిస్తుంది.

కర్నూలు కట్టడం

సివిల్ ఇంజనీరును, పై అన్న చెప్పిన దానికి మిద్దె వైపు నుంచి కొంత కలుపుతాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

బండల మిద్దె మీద ఏమీ పెట్టనివ్వొద్దు. డ్రిల్ మాట అటుంచండి, బరువు కూడా వద్దు. బండ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది గానీ వంపును ఓర్చుకోదు. ఆర్‌సీసీలో ఇనుము ఉంటుంది కాబట్టి విరిగే ముందు పగుళ్ళు చూపించి చెబుతుంది, బండ ఏమీ చెప్పకుండా ఒక్కసారే విరుగుతుంది. హ్యామర్ డ్రిల్ అదురుకు కంటికి కనపడని నెర్రె వచ్చినా తర్వాత వానకాలాల్లో అది పెరుగుతుంది. గర్డరు మీద బండలు ఆనే అంచు దగ్గర సున్నపు గచ్చు వదులైతే ఎక్కడి నుంచి ఉరుస్తోందో కనుక్కోవడం ఎవరి వల్లా కాదు.

ఇక ఆర్‌సీసీ వైపు. గాలి లెక్క చూద్దాం. కట్టడాల మీద పడే భారాలకు మన దేశ ప్రమాణం ఐఎస్ 875, దాని మూడో భాగంలో మా కర్నూలుకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. యాభై ఏళ్ళకోసారి వచ్చే గాలి అని అనుకోండి. మీకూ అదే పెట్టుకుందాం. ఆ వేగానికి చదరపు మీటరు మీద సుమారు 93 కిలోల తోపుడు పడుతుంది. 1.2 మీటర్ల డిష్ విస్తీర్ణం 1.13 చదరపు మీటర్లు, దాని ఆకారానికి ఇంకో ముప్పై శాతం కలిపితే దాదాపు 135 కిలోలు. ఇద్దరు మనుషులు ఒకేసారి మీద పడ్డట్టు. పైపు మీటరు ఎత్తుంటే ఈ తోపుడంతా కింద బోల్టులను పైకి పెరికే పని చేస్తుంది. రెండు మీటర్ల ఎత్తుంటే పెరుకుడు రెట్టింపు. నాలుగైదు అంగుళాల స్లాబులో, అదీ ఉరుస్తున్న స్లాబులో, ఆ నాలుగు బోల్టులను నేను నమ్మను. ఇళ్ళ మీద ఉండే డీటీహెచ్ డిష్‌తో పోల్చుకోవద్దు, దాని విస్తీర్ణం ఇందులో పావు వంతే.

దీనికి డ్రిల్ లేని స్టాండు ఉంది, నాన్ పెనిట్రేటింగ్ మౌంట్ అంటారు. చదరంగా ఇనుప ఫ్రేము, మధ్యలో పొట్టి పైపు, ఫ్రేములో సిమెంటు దిమ్మెలు పేరుస్తారు. బరువే దాన్ని పట్టుకుంటుంది. ఫ్రేము 1.2 మీటర్ల చదరమైతే బోల్తా పడకుండా కనీసం 225 కిలోలు కావాలి, అదే 1.5 మీటర్లకు పెంచితే 180 చాలు. దాని మీద ఒకటిన్నర రెట్లు భద్రత వేసుకుంటే 270 కిలోలు. పదహారు అంగుళాల పొడుగు, ఆరంగుళాల మందం ఉన్న సాలిడ్ దిమ్మె పాతిక కిలోలుంటుంది, అంటే పదకొండు దిమ్మెలు. ఈ బరువు 2.25 చదరపు మీటర్ల మీద పరుచుకుంటే చదరపు మీటరుకు 120 కిలోలే. మనుషులు తిరిగే మిద్దెకు డిజైన్‌లో వేసేదే 150 కిలోలు కాబట్టి సరిపోతుంది. అయినా కింద గోడగాని దూలంగాని ఉన్న చోట చూసి పెట్టించండి, గది నడిమధ్యన వద్దు.

ఫ్రేము కింద మందపాటి రబ్బరు మ్యాటు తప్పకుండా అడగండి. ఉత్త గచ్చు మీద ఇనుము పెడితే గాలికి జరుగుతుంది, పైగా మీరు పూయించిన కెమికల్ పొర గీసుకుపోతుంది. ఆ మ్యాటు కూడా ముక్కలు ముక్కలుగా, మధ్యలో సందులతో వేయాలి. నీళ్ళు తూము వైపు పోయే దారికి అడ్డంగా పెడితే అక్కడే మడుగు కట్టి, ఉరుపు ఇంకో మూలన మొదలవుతుంది.

పెన్నా ఒడ్డు (తాడిపత్రి)

మా మిద్దె మీద కూడా ఇలాంటిదే ఉంది సార్, దిమ్మెలు పేర్చిన స్టాండు. గాలికి కదల్లేదు. మాకు ఇబ్బంది పెట్టింది డిష్ కాదు, కేబులు. బిగించిన వాళ్ళు కిటికీ పైన గోడకు రంధ్రం వేసి కేబుల్ నేరుగా లోపలికి దూర్చారు, వాన నీళ్ళు కేబుల్ వెంబడే జారి లోపల మీటరు బోర్డు దాకా వచ్చాయి. గోడలోకి పోయే ముందు కేబుల్‌ని జానెడు కిందికి వేలాడేలా వంచి, మళ్ళీ పైకి తీసుకెళ్ళి దూర్చాలి, అప్పుడు నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. రంధ్రం కూడా బయటి వైపుకు వాలుగా వేయించండి. కోతులుంటే కేబుల్‌ని పైపులో వేయమనండి, ఉత్తగా వదిలితే పీకుతాయి.

కొత్తగా వచ్చా

ఇంత తంటా ఎందుకు, స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ కోసం ఆగొచ్చు కదా? చిన్న పళ్ళెమే, బరువు కూడా ఉండదు.

సిగ్నల్ కడప

స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో లైసెన్సు ఇచ్చారు, నిజమే. కానీ బ్యాంకు ఏ లైను వాడాలన్నది వాళ్ళ హెడ్డాఫీసు తేలుస్తుంది, ఇంటి ఓనరు కాదు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఆ ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో పరిగెడుతూ ఉంటాయి, ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. దానికి చుట్టూ ఆకాశం విశాలంగా కనబడాలి, నేను చెప్పిన మూడుకు ఒకటి లెక్క అక్కడ కుదరదు. పిట్టగోడ చాటున పెట్టడం నిలకడగా ఉండే ఉపగ్రహాలకే.

మెయిన్‌రోడ్డు మిద్దె (ఉరవకొండ)

అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా. కర్నూలు సార్ రాసిన లెక్క ప్రింటు తీసి మేనేజర్ గారికి ఇచ్చాను, ఆయన కాంట్రాక్టు వాళ్ళతో మాట్లాడతానన్నారు. ఇంకో రెండు సందేహాలు. పిడుగు సంగతేంటి? మా పాత ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదు. అలాగే బాడుగ అగ్రిమెంటులో ఏం రాయించుకోవాలి?

సిగ్నల్ కడప

ఎర్తింగ్ విషయంలో అస్సలు రాజీ పడొద్దు. బిగించే ముందు ఎవరైనా సరే న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య ఓల్టేజీ కొలుస్తారు, రెండు ఓల్ట్‌ల లోపు ఉండాలి. ఎక్కువుంటే మోడెమ్ కాలిపోవచ్చు, ఆ తప్పు ఇంటి కరెంటు మీదికి తోస్తారు. వీశాట్ కోసం విడిగా ఎర్త్ గుంత తవ్వించమనండి, ఖర్చు వాళ్ళదే. మీ వైపు నేల ఎర్రమట్టి, కింద రాయి, ఎండాకాలం పూర్తిగా ఎండిపోతుంది. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, నీళ్ళు పోయడానికి పైన గరాటు పైపు పెట్టించుకుని, మార్చి నుంచి వానలు పడేదాకా వారానికోసారి రెండు బిందెలు పోయండి. డిష్ ఫ్రేముకు, కేబుల్‌లోని లోహపు జాలీ తొడుగుకు రెండింటికీ ఎర్త్ తీగ కట్టాలి. మెట్ల గది నెత్తిన పెట్టకపోవడం ఇక్కడా కలిసొస్తుంది, పిడుగు ఎత్తైన మొన కోసం చూస్తుంది.

మేనేజరుకు ఒక మాట ముందే చెప్పి ఉంచండి. 74 డిగ్రీల వైపు తిప్పితే మార్చి మధ్యలో, మళ్ళీ సెప్టెంబరు చివర్లో కొన్ని రోజులు మధ్యాహ్నం ఒంటిగంట లోపల కొద్ది నిమిషాలు లింకు పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఏ డిష్‌కైనా అంతే. లేకపోతే ఆ రోజు మిద్దె మీద మీరేదో కదిలించారని మీ తలుపు కొడతారు.

కర్నూలు కట్టడం

అగ్రిమెంటులో ఇవి ఉండేలా చూసుకోండి. పెట్టే ముందు మిద్దె ఫోటోలు తేదీతో సహా రెండు పక్షాల సంతకాలతో. డిష్ ఉన్న చోట, దాని చుట్టూ ఉరిస్తే బాగు చేయించే ఖర్చు వాళ్ళది. స్లాబుకు మీ రాతపూర్వక అనుమతి లేకుండా డ్రిల్ వేయకూడదు. మనుషులు పైకి రావాలంటే ముందు రోజు ఫోన్ చేయాలి. ఖాళీ చేసేటప్పుడు ఫ్రేము, దిమ్మెలు, కేబుళ్ళు అన్నీ తీసుకుపోయి గోడ రంధ్రాలు పూడ్చాలి, ఇది మాత్రం మరవొద్దు. సర్వీసు ఆగిపోయాక తుప్పు పట్టిన డిష్‌లు వదిలేసి పోయిన మిద్దెలు కర్నూలులో ఎన్నో చూశాను, వాటిని దించడానికి ఓనరే కూలి ఇచ్చుకోవాల్సి వస్తోంది. లైసెన్సు, అనుమతులు అన్నీ సర్వీసు ఇచ్చేవాళ్ళ బాధ్యతేనని కూడా ఒక వాక్యం రాయించండి. బిగించే రోజు మీరు పైనే ఉండండి, వీలైతే దిమ్మెలు లెక్కపెట్టుకోండి.