టమాటా పూత మొత్తం రాలిపోతోంది, ఎండాకాలం మీరేం చేస్తున్నారు?

కూకట్‌పల్లి_మిద్దె (ఏప్రిల్ 19)
నమస్కారం అండీ. మూడో అంతస్తు పైన మా మిద్దె. నవంబరులో నారు పోసి పన్నెండు గ్రో బ్యాగుల్లో టమాటా పెట్టాను. ఫిబ్రవరి, మార్చిలో కొనే పనే లేకుండా కాసింది. ఉగాది దాటాక మొదలైంది కథ. మొక్క పచ్చగా ఉంది, పూత వస్తోంది, కానీ పొద్దున చూస్తే పూలన్నీ తొడిమ కణుపు దగ్గర విరిగి కింద పడి ఉంటున్నాయి. నిన్న ఒక్క బ్యాగు కింద 23 లెక్కపెట్టాను. నీళ్లు చాలట్లేదేమోనని మూడు పూటలా పోస్తున్నా. ఏం లోపం?

బెజవాడ_బెండకాయ
ముందు ఆ మూడు పూటలు మానెయ్యండి. మట్టిలో వేలు పెట్టి చూడండి, రెండు కణుపుల లోతున తడి తగిలితే ఆ పూట వద్దు. పోయినేడు మధ్యాహ్నం ఆకులు వాలిపోతే దాహమేమో పాపం అని పోసీ పోసీ నాలుగు మొక్కల వేర్లు కుళ్లబెట్టాను. ఎండకి వాలిన ఆకు సాయంత్రం ఆరింటికి దానంతటదే లేస్తుంది. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే నీళ్లు లేనట్టు.

ఇంకోటి. ఎండలో పడున్న పైపు తిప్పగానే నేరుగా మొదట్లో పెట్టొద్దు. మొదటి బకెట్టెడు నీళ్లు కాఫీ కలుపుకునేంత వేడిగా ఉంటాయి. నా కొత్తిమీర అలాగే పోయింది.

మదనపల్లె_ఆడపడుచు
నీళ్ల సంగతి అక్క చెప్పింది నిజమే కానీ అసలు కారణం అది కాదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 25 కన్నా దిగకపోతే టమాటా పుప్పొడి చచ్చుబడుతుంది. పువ్వు చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల కాయ కట్టే శక్తి ఉండదు, మొక్క రాల్చేస్తుంది. అందరూ పగటి ఎండనే తిడతారు గానీ నన్నడిగితే అసలు శత్రువు రాత్రి ఉక్క. మీ కాంక్రీటు మిద్దె పొద్దుగూకాక కూడా సెగ కక్కుతూనే ఉంటుంది, మొక్కకి తెరిపి ఎక్కడ?

మా మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్లు కాస్త చల్లబడుతుంది. అందుకే మీ దగ్గర కాయ ఆగిపోయే రోజుల్లో మా కాయ మీ మార్కెట్‌కి వస్తుంది. మా నాన్న ముప్ఫై ఏళ్లుగా టమాటానే వేస్తున్నాడు. హైదరాబాదులో మే నెలలో టమాటా పండిస్తానంటే నవ్వుతాడు.

టెర్రస్_కుర్రోడు
ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఆన్ చేసి పూగుత్తి వెనక ఆనిస్తే పుప్పొడి రాలి కాయ కడుతుంది అండీ, వీడియోలో చూసి నేనూ చేశా. వర్కవుట్ అయింది.

మదనపల్లె_ఆడపడుచు
ఏ నెలలో చేశావు తమ్ముడూ?

టెర్రస్_కుర్రోడు
జనవరి 😅

మదనపల్లె_ఆడపడుచు
అదీ సంగతి. జనవరిలో గాలికి ఊగినా కడుతుంది. పుప్పొడే పనికిరానప్పుడు బ్రష్షు ఎంత గీపెట్టినా ఏం లాభం?

డాలస్_దోసకాయ
ఇక్కడ టెక్సాస్‌లో మాకూ ఇదే గొడవ, నెలలే వేరు. మార్చిలో మంచు భయం తగ్గగానే నాటేసి, జూన్ లోపు కోసుకోవాలి. జూలైలో వంద ఫారన్‌హీట్ దాటాక పెద్ద కాయ రకాలు మొండికేస్తాయి, చెర్రీ టమాటా ఒకటీ అరా కడుతుంది. అదే ఎండకి గోంగూర మాత్రం నా ఎత్తు పెరుగుతుంది. వారం వారం సంచుల్లో నింపి గుడికి తీసుకెళ్తా, ప్రసాదం కంటే ముందు అదే అయిపోతుంది.

గోదారి_మాష్టారు
టమాటా మీద పంతం వదిలేసి తీగలు పెట్టండి బాబూ. బీర, సొర, కాకర. మే ఎండలో కూడా ఆ పందిరి కింద మంచం వేసుకుంటాను నేను.

అయితే మొదటి ఏడు ఒక్క బీరకాయా నిలవలేదు. పిందె వేలెడు పెరిగి పసుపురంగు తిరిగి రాలిపోయేది. ఎరువు తక్కువేమోనని పిండి చెక్క వేశాను, వేపపిండి వేశాను. మా ఆవిడ ఒకనాడు సాయంత్రం బట్టలు తీయడానికి వెళ్లి, "ఏవండీ, ఈ పూలు ఇప్పుడు విచ్చుకుంటున్నాయి, ఇప్పుడు ఈగలేవీ?" అంది. రిటైరైన సైన్సు మాష్టారికి తట్టలేదు చూడండి! బీర, సొర పూలు పొద్దుగూకే వేళ విచ్చుకుంటాయి, ఆ వేళకి మా డాబా మీదకి తేనెటీగ రాదు. అప్పటి నుంచి నేనే ఈగని. మగపువ్వు తుంచి, రేకలు వెనక్కి మడిచి, మధ్యలో ఉన్న పసుపు పొడిని ఆడపువ్వు బొడ్డు మీద మెల్లగా రాస్తాను. కింద చిన్న పిందె ఉన్నది ఆడది, ఉత్త కాడే ఉంటే మగది. మూడో నాటికి పిందె కిందికి వంగి లావెక్కితే కట్టినట్టే. కాకర మాత్రం పొద్దున్నే విచ్చుకుంటుంది.

కరీంనగర్_పెరడు
బెండ పెట్టేవాళ్లు ఆకు తిప్పి చూస్తూ ఉండండి. ఎండలు ముదిరితే అడుగున ఎర్రనల్లి పడుతుంది, సన్నని బూజులా ఉంటుంది. అడుగు తడిసేలా నీళ్లు గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. పోకుంటే వేపనూనె లీటరుకి 5 మి.లీ., కలవడానికి కొంచెం కుంకుడు రసం. పొద్దు వాలినాకనే కొట్టాలి. నేను ఆదివారం తీరిక దొరికిందని పన్నెండింటికి కొట్టిన. సోమవారానికి ఆకులన్నీ మాడిన అప్పడాలే.

టమాటా ఆకులు ముడుచుకుపోయి మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే వైరస్. దానికి మందు లేదు. జాలిపడకుండ పీకేయండి, పక్క మొక్కలైనా మిగుల్తయి.

కూకట్‌పల్లి_మిద్దె (ఏప్రిల్ 22)
అందరికీ థ్యాంక్సండీ. మరి ఉన్న కాయల సంగతి? ఎండ తగిలే వైపు తెల్లగా బొబ్బలెక్కినట్టు అవుతున్నాయి. పండినవి కూడా ఎరుపు రాక నారింజ రంగులో ఆగిపోతున్నాయి.

మదనపల్లె_ఆడపడుచు
కింది ఆకులు కత్తిరించారా? ఎండాకాలం ఆకే కాయకి గొడుగు, తియ్యకండి. సగం నీడ ఇచ్చే పచ్చ వల, అదే 50 శాతం షేడ్ నెట్, మనిషి ఎత్తుకి పైన కట్టండి, పడమర వైపు కాస్త కిందికి దింపండి. మొక్కల మీద పరిస్తే గాలాడక ఇంకా ఉడుకుతాయి. బ్యాగుల్లో మట్టి కనబడకుండా కొబ్బరి పీచో, ఎండుటాకులో పరవండి. వేడి ఎక్కువైతే కాయలో ఎరుపు సరిగ్గా పుట్టదు. కొంచెం రంగు తిరగ్గానే కోసి, వంటింట్లో గంపలో పెట్టండి, అక్కడే పండుతుంది.

కూకట్‌పల్లి_మిద్దె (జూన్ 20)
చెప్పినవన్నీ కాకపోయినా చాలావరకు చేశాను. ఎనిమిది బ్యాగుల టమాటా తీసేసి బెండ, తోటకూర, బచ్చలి వేశాను. తోటకూర ఇరవై రెండో రోజున కోశాం. మిగిలిన నాలుగింటికి కాయ ఆశ వదిలేసి, ప్రాణం నిలిస్తే చాలనుకుని వల కింద పెట్టాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా బ్యాగు ఒకటి కుట్ల దగ్గర పగిలింది, పాత గోనె చుట్టి తాడు కట్టాను. మే నెలంతా ఒక్క పిందె లేదు.

మృగశిర వచ్చిన మర్నాడే వాన పడింది, రాత్రిళ్లు కిటికీ తీసి పడుకుంటున్నాం. ఇవాళ పొద్దున వాడిన పూరేకు పక్కకి తీస్తే శనగగింజంత పిందె, దాని పక్కన ఇంకోటి. మొత్తం నాలుగు మొక్కల మీద పదకొండు.

అన్నట్టు మాష్టారు గారూ, నిన్న మీ పద్ధతిలో పొడి రాసిన సొర పిందెని ఇవాళ కోతి కొరికి పారేసింది. దీనికేం చేస్తారు?

గోదారి_మాష్టారు
దానికి మా ఆవిడనే అడగాలి.