రొట్టె ఉన్న నవల, అల్లర్లు ఉన్న సినిమా: పిల్లలకు తేడా ఎలా చూపించాలి?

అమలాపురంలో డిగ్రీ ఫస్టియర్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. ఈ నెల ‘ది హంగర్ గేమ్స్’ నవలని (సుజాన్ కాలిన్స్, 2008), 2012లో వచ్చిన సినిమాని పక్కపక్కన పెట్టి చర్చిస్తున్నాం. జిల్లాకిద్దరు పిల్లల్ని తెచ్చి, ఒక్కరు మిగిలేదాకా ఒకరినొకరు చంపుకునేలా ప్రభుత్వం పెట్టే పోటీ కథ ఇది. పన్నెండో జిల్లా అమ్మాయి కాట్నిస్ కథానాయిక. పోటీలో ఆమెకు తోడైన పదకొండో జిల్లా చిన్నపిల్ల రూ చనిపోయే ఘట్టం దగ్గర ఆగిపోయాం.

నవలంతా కాట్నిస్ గొంతులోనే నడుస్తుంది. ఆమెకు తెలియనిది మనకూ తెలియదు. రూ చనిపోయాక పదకొండో జిల్లా జనం కాట్నిస్‌కు ఒక రొట్టె పంపుతారు. పంట పండించేది వాళ్లే, పస్తులుండేదీ వాళ్లే. అలాంటివాళ్లు కూడబెట్టి పరాయి జిల్లా పిల్లకు రొట్టె పంపడం నాకు నవల మొత్తంలో గొప్ప సంగతి. సినిమాలో అది లేదు. బదులుగా పదకొండో జిల్లాలో జనం తిరగబడటం నేరుగా చూపిస్తారు.

మావాళ్లలో చాలామంది వరి రైతుల పిల్లలు, రొట్టె సంగతి ఇట్టే పట్టుకుంటారనుకున్నాను. ముందు ఆ అధ్యాయం చదివించి తర్వాత సీన్ వేశాను. ఇంకో సెక్షన్‌లో ముందు సీన్ వేసి తర్వాత చదివించాను. రెండుచోట్లా ఒకటే మాట: “సినిమాలోదే బాగుంది మేడమ్, పుస్తకంలో ఏం జరగలేదు కదా.” కాట్నిస్‌ని రూ జిల్లా కుర్రాడు థ్రెష్ ప్రాణాలతో వదిలేయడం చూపిద్దామంటే, అది రెండింటిలోనూ ఉంది.

క్లాసు యాభై నిమిషాలే. కథ ఒక్కరి కళ్లతోనే చూడటం వల్ల నవలకు వచ్చే బలం పిల్లలకు తెలియాలంటే, ఇదే నవలలో ఏ ఘట్టాన్ని సినిమాతో పోల్చి చూపించమంటారు?