బ్రహ్మ్ ప్రకాశ్ బెంగళూరులో గడిపిన ఆరేళ్లు: విరామమా, పునాదా?

ప్రశ్న

ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థుల కోసం మన లోహశాస్త్రజ్ఞుల మీద చిన్న వ్యాసాలు రాస్తున్నాను. బ్రహ్మ్ ప్రకాశ్ దగ్గర కలం ఆగింది. 1912లో లాహోరులో పుట్టి, రసాయనశాస్త్రం చదువుకుని, అమెరికాలోని ఎంఐటీలో ఖనిజ శుద్ధి, లోహ ఉష్ణగతిశాస్త్రం అభ్యసించి, అణుశక్తి సంస్థలో లోహశాస్త్రజ్ఞుడిగా కుదురుకున్న మనిషి, 1951లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మెటలర్జీ విభాగానికి అధిపతిగా వెళ్లారు. ఆ స్థానానికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. 1957లో తిరిగి అణుశక్తి సంస్థకు వచ్చేశారు. హైదరాబాదులో అణు ఇంధనం, జిర్కోనియం గొట్టాలు తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు గురించి, 1972 నుంచి 1979 దాకా విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి సంచాలకుడిగా ఉండడం గురించి అందరూ పేరాలకు పేరాలు రాస్తారు గానీ, బెంగళూరు ఆరేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. వాటిని రెండు ఉద్యోగాల మధ్య విరామంగా చూడడం సరైనదేనా? కాదంటే, తరగతి గదికీ ఆ తరువాత కట్టిన కర్మాగారాలకూ ఉన్న సంబంధాన్ని పిల్లలకు ఏ ఉదాహరణతో చెప్పాలి?

మొదటి సమాధానం

జిర్కోనియంతో చెప్పండి. లోహశాస్త్రమూ రసాయన ఇంజనీరింగూ ఒకే మనిషిలో ఎందుకు కలవాలో దానికంటే స్పష్టంగా చూపించే లోహం నాకు తెలియదు.

అణు రియాక్టరులో ఇంధనం చుట్టూ ఉండే గొట్టాలను జిర్కోనియం మిశ్రలోహంతో చేయడానికి కారణం, అది న్యూట్రాన్లను దాదాపుగా మింగకపోవడమే. అయితే ప్రకృతిలో దొరికే జిర్కోనియంతో పాటు బరువులో సుమారు 2 శాతం హాఫ్నియం ఉంటుంది. ఈ రెండూ రసాయనికంగా కవల పిల్లల్లాంటివి, న్యూట్రాన్ల దగ్గర మాత్రం పూర్తిగా విరుద్ధం. న్యూట్రాన్లను మింగే గుణాన్ని బార్న్ అనే ప్రమాణంలో కొలుస్తారు; జిర్కోనియం శోషణ విలువ సుమారు 0.18 బార్న్‌లైతే హాఫ్నియానిది 100 బార్న్‌ల పైమాటే. విద్యార్థుల చేత ఒక చిన్న లెక్క చేయించండి: ఆ 2 శాతాన్ని వేరు చేయకుండా వదిలేస్తే లోహం మొత్తం శోషణ దాదాపు ఏడు రెట్లవుతుంది. అందుకే రియాక్టరుకు పంపే జిర్కోనియంలో హాఫ్నియం పది లక్షల భాగాల్లో వంద భాగాలకు మించకూడదంటారు. ఆ విభజన పని ద్రావకాలది, అంటే రసాయన ఇంజనీరుది. ఆ తరువాత క్లోరైడును మెగ్నీషియంతో క్షయీకరించి స్పాంజిలా బోలుగా ఉండే లోహం తీయడం, దాన్ని కరిగించి గొట్టంగా లాగడం లోహశాస్త్రజ్ఞుడివి. మధ్యలో ఎవరి హద్దు ఎక్కడ ముగిసిందో గీత గీసి చూపడం ఎవరి తరమూ కాదు.

నేను పదకొండేళ్లు సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ ప్లాంటులో, అంటే ఇలా ద్రావకాలతో పదార్థాలను వేరు చేసే చోట, పనిచేసి బోధనలోకి వచ్చాను. పుస్తకంలోని బొమ్మలో నూనె పొర పైన, నీటి పొర కింద, మధ్యలో సన్నని గీత ఉంటుంది. ప్లాంటులో ఆ గీత ఉండాల్సిన చోట బూడిద రంగు గుజ్జులాంటి మూడో పొర పేరుకుంటుంది, మేము దాన్ని క్రడ్ అంటాం. సన్నని దుమ్ము, సిలికా, చెడిపోయిన ద్రావకం కలిసి తయారయ్యే ఈ పొర రెండు ద్రవాలనూ విడిపోనివ్వదు. మొదటి ఏడాది ప్రయోగశాలలో ఒక అమ్మాయి సెపరేటింగ్ ఫనెల్‌ను కుదిపి స్టాండుకు తగిలించి, అరగంటైనా మధ్య పొర తేరుకోక, తన ప్రయోగం పాడైందనుకుని దాన్ని పారబోయబోయింది. ఆపి, ఆ పొరనే గాజు పలక మీద వేసి చూపించాను. ఆ రోజు రాయాల్సిన ఫలితం అదే.

రెండో సమాధానం

పై మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక అభ్యంతరం చెప్పాలి. పరిశ్రమలో రాటుదేలినవాడు మంచి అధ్యాపకుడు కూడా అవుతాడన్న నమ్మకం మనలో బలంగా ఉంది, అది నిజం కాదు. నేను కొలిమి వదిలి విశ్వవిద్యాలయానికి వచ్చిన తొలి ఏడాది పాఠం చెప్పలేదు, షిఫ్టు పుస్తకం చదివి వినిపించాను. పిల్లలకు కథలు నచ్చాయి, పరీక్షలో స్లాగ్ (కరిగిన లోహం మీద తేలే మలినాల పొర) క్షారత లెక్క మాత్రం ఎవరికీ రాలేదు.

ఎంఐటీలో బ్రహ్మ్ ప్రకాశ్‌కు ఉష్ణగతిశాస్త్రం నేర్పిన జాన్ చిప్‌మన్‌ను చూడండి. ఆయన 1935 నుంచి 1937 వరకు అమెరికన్ రోలింగ్ మిల్ కంపెనీలో పరిశోధన చూసి ఆ తరువాతే ఎంఐటీకి వచ్చారు. ఉక్కు కొలిమిలో స్లాగు, లోహం, వాయువు, ఇటుక గోడ అన్నీ ఒకదానితో ఒకటి పెనుగులాడుతుంటాయి, అక్కడ ఏదీ విడిగా కొలవలేం. చిప్‌మన్ వర్గం ఆ గందరగోళంలోంచి ఒక్క ప్రశ్నను విడదీసుకుంది: కరిగిన ఇనుములో ఆక్సిజన్ ఎంత నిలుస్తుంది? చిన్న మూసలో ఇనుము కరిగించి, దాని మీదుగా హైడ్రోజన్, నీటి ఆవిరి తెలిసిన పాళ్లలో పంపి, సమతుల్యత వచ్చాక కొలిచారు. కొలిమి అనుభవం ఏ ప్రశ్న అడగాలో చెబుతుంది, దాన్ని మూసలోకి దింపడం వేరే విద్య. బెంగళూరు ఆరేళ్లను నేను ఈ రెండో విద్యకు చెందినవిగా చదువుతాను. ఇది నా అంచనా మాత్రమే.

ప్రశ్న అడిగినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. బాల్యం, పురస్కారాల పేరాలను చివరికి నెట్టి, వ్యాసాన్ని ఏడు రెట్ల లెక్కతోనే మొదలుపెడుతున్నాను. ఆ వెంటనే బెంగళూరు వస్తుంది, హైదరాబాదు ఆ తరువాతే. మూడో పొర ఫొటో మీ దగ్గర ఉంటే పంపండి, బొమ్మలోని సన్నని గీత పక్కనే పెడతాను.