సీబీఆర్ 250ఆర్: మోడల్ ఆగిపోయింది, పార్టులు తగ్గుతున్నాయి. ఉంచుకోవాలా, అమ్మేయాలా?

ప్రశ్న: పాతగేరు

అందరికీ నమస్కారం. నా బండి 2012 హోండా సీబీఆర్ 250ఆర్, సీ-ఏబీఎస్ (ముందూ వెనకా బ్రేకులు కలిసి పనిచేసే ఏబీఎస్) ఉన్నది. 61,000 కి.మీ. తిరిగింది. ఇది కాక ఇంకో చిన్న బండి ఉంది కాబట్టి నెల రోజులు షెడ్డులో ఉన్నా నాకు పని ఆగదు.

ఇప్పుడున్న ఇబ్బందులు: చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. వేడి మీద ఆపి పది నిమిషాల్లో మళ్లీ నొక్కితే మాత్రం చాలాసేపు తిప్పాలి. ఐడిల్ కాస్త తడబడుతోంది. బ్యాటరీ కొత్తదే, అయినా సెల్ఫ్ నీరసంగా ఉంటోంది. ఏబీఎస్ లైటు అప్పుడప్పుడు వెలిగి ఉండిపోతోంది. ఎడమ ఫెయిరింగ్ (పక్క ప్లాస్టిక్ ప్యానెల్) లోపలి లగ్గు (బిగింపు కొక్కెం) ఒకటి విరిగింది. ఆయిల్ తాగడం లేదు, కూలెంట్ తగ్గడం లేదు. ఇంజన్ సౌండ్ అయితే ముందుకంటే మెత్తగానే ఉంది.

ఫెయిరింగ్, మీటర్ లాంటివి ఎప్పుడొస్తాయో చెప్పలేమంటున్నారు. ఖర్చుపెట్టి ఇంకో ఐదారేళ్లు నడపాలా, నడిచే కండిషన్‌లో ఉండగానే అమ్మేయాలా? దేన్ని చూసి తేల్చుకోవాలో చెప్పండి.

జవాబు: కేటలాగ్‌రాజు

పాతగేరు గారూ, "ఎన్ని పార్టులు దొరకడం లేదు" అని లెక్కపెట్టకండి. "ఏ పార్టు పోతే బండి నిలిచిపోతుంది, పోయినది రిపేరుకు లొంగుతుందా" అని అడగండి. ఫెయిరింగ్ దొరక్కపోయినా బండి నడుస్తుంది. ఏబీఎస్ మాడ్యులేటర్ (బ్రేక్ ఒత్తిడిని అదుపుచేసే యూనిట్) పోయి, కొత్తది దొరక్కపోతే నడవనివ్వకూడదు.

ఇంజన్ విషయంలో మీ అదృష్టం బాగుంది. ఇదే 250 ఇంజన్ 2012లో సీఆర్ఎఫ్ 250ఎల్‌లోకి వెళ్లింది. తర్వాత దీన్నే 286 సీసీకి పెంచి సీబీఆర్ 300ఆర్‌లో, ఆపైన రెబెల్ 300లో వాడారు. ఏది పంచుకున్నారో తెలుసుకోవడానికి హోండా పార్టు నంబరే దారి చూపిస్తుంది. మొదటి ఐదు అంకెలు అది ఏ భాగమో చెబుతాయి, మధ్య మూడక్షరాలు ఆ భాగం మొదట ఏ మోడల్ కోసం తయారైందో చెబుతాయి. మీ బండి కోడ్ కేవైజే. సీఆర్ఎఫ్ 250ఎల్‌ది కేజెడ్‌జెడ్, సీబీఆర్ 300ఆర్‌ది కే33. ఈ రెండు బళ్ల కేటలాగ్ తెరిచి క్లచ్, ఆయిల్ పంప్, వాటర్ పంప్, టెన్షనర్ పేజీలు చూడండి. అక్కడ మధ్యలో కేవైజే కనిపించిన ప్రతి భాగమూ మీ బండిదే. మీ మోడల్ ఆగినా ఆ బళ్ల కోసం దాన్ని సప్లై చేస్తూ ఉండే అవకాశం ఎక్కువ. చివరి మూడంకెలు మారి ఉంటే కంగారు పడొద్దు, సాధారణంగా అది పాతదానికి బదులు వచ్చిన సవరణ.

ఒక్క చోట మాత్రం మోసపోతారు. 250కీ 286కీ బోర్ (సిలిండర్ వ్యాసం) ఒకటే, 76 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 55 నుంచి 63కి పెరిగింది. బోర్ కలిసింది కదా అని 300 పిస్టన్ పెట్టేయొచ్చు అనుకోకండి. పిస్టన్ పిన్ను నుంచి పిస్టన్ పై అంచు వరకు ఎత్తు, కనెక్టింగ్ రాడ్ పొడవు కలిసినప్పుడే పిస్టన్ కలిసినట్టు. ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) విషయంలోనూ అంతే. నంబరు 38770తో మొదలవుతుంది. ఆ తర్వాతి అక్షరాలు, అంకెలు మీ బండి మీద ఉన్నవాటితో పూర్తిగా సరిపోలాలి.

వీల్ బేరింగులు, ఆయిల్ సీల్స్, చైన్, ప్లగ్ గురించి దిగులే వద్దు. బేరింగ్ నంబరు దాని అంచు మీదే ఉంటుంది. 6302 అంటే ఏ కంపెనీదైనా 15×42×13 మి.మీ. చైన్ 520 సైజు. సీల్ మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం రాసి ఉంటాయి, చెరిగిపోతే వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి.

అచ్చంగా ఈ బండికే చెందినవి: ట్యాంకు, హెడ్‌లైటు, మీటర్, మెయిన్ వైరింగ్, థ్రాటిల్ బాడీ, ఈసీఎం, ఏబీఎస్ మాడ్యులేటర్. ఈ ఏడూ ఇప్పుడు ఎలా ఉన్నాయో చూస్తే సగం జవాబు వచ్చేస్తుంది.

జవాబు: షిమ్ముమాస్టర్

"ఇంజన్ సౌండ్ ముందుకంటే మెత్తగా ఉంది" అన్న మాటే నన్ను ఆపింది. వేడి మీద స్టార్టింగ్ కష్టం, ఐడిల్ తడబాటు, సౌండ్ తగ్గడం, ఈ మూడూ కలిసి వచ్చాయంటే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ) బిగుసుకుందని నా అనుమానం. వాల్వ్ తన సీటులోకి కొంచెం కొంచెం దిగిపోతూ ఉంటుంది, అందుకని ఖాళీ తగ్గుతుంది. ఖాళీ తగ్గితే టకటక కూడా తగ్గుతుంది, బండి బాగుందనిపిస్తుంది. వేడెక్కి కాడ సాగాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. అలాగే నడిపితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది. అప్పుడు షిమ్ముతో (ఆ ఖాళీని సరిచేసే చిన్న లోహపు బిళ్లతో) అయ్యే పని హెడ్ దింపే పనిగా మారుతుంది.

కాబట్టి అమ్మకం సంగతి తర్వాత, ముందు కొలవండి. ఇంజన్ రాత్రంతా చల్లారాలి. కంప్రెషన్ స్ట్రోక్ చివర టీడీసీలో (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోట) పెట్టి ఫీలర్ గేజ్‌తో నాలుగు వాల్వులూ చూడండి. ఇన్‌టేక్ 0.16, ఎగ్జాస్ట్ 0.27 మి.మీ., రెండింటికీ 0.03 అటూ ఇటూ పర్లేదు. ఈ ఇంజన్‌లో రోలర్ రాకర్లు పక్కకు జరుగుతాయి, క్యామ్‌షాఫ్టులు తీయకుండానే షిమ్ము మార్చొచ్చు. షిమ్ము తీసేటప్పుడు క్యామ్ చైన్ గుంతలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. చిన్న షిమ్ము అందులో జారిపడిందంటే క్రాంక్‌కేస్‌లోకి పోతుంది.

తర్వాత లీక్‌డౌన్ పరీక్ష. మామూలు కంప్రెషన్ గేజ్ ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది, గాలి ఎటు పోతుందో చెప్పదు. ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి చెవి పెట్టి వినండి. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ బాడీలో వినిపిస్తే ఇన్‌టేక్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్. 10 శాతం లోపు లీకైతే ఇంజన్ బాగున్నట్టే. 20 దాటితే హెడ్ దింపే ఆలోచన చేయాలి.

గాస్కెట్ల గురించి ఒక మాట. క్లచ్ కవర్ లాంటి పేపర్ గాస్కెట్ దొరక్కపోతే అంతే మందం ఉన్న షీటు కొని కత్తిరించుకోవచ్చు. హెడ్ గాస్కెట్ అలా కాదు, ఉక్కు పొరలతో చేసింది. హెడ్ దింపిన ప్రతిసారీ కొత్తదే పడాలి. భవిష్యత్తు కోసం ఒక్క పార్టు కొని దాచమంటే నేను అదే చెబుతాను.

జవాబు: పసుపువైరు

ఎలక్ట్రికల్ నేను చెబుతాను. కొత్త బ్యాటరీతో కూడా సెల్ఫ్ నీరసంగా ఉందంటే చార్జింగ్ చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి, హెడ్‌లైటు వెలుగుతుండగా 5,000 ఆర్పీఎం దగ్గర చూడండి. 14 ఓల్టులకు పైన, 15 లోపు ఉండాలి. తక్కువ ఉంటే స్టేటర్ (ఇంజన్‌లో కరెంటు పుట్టించే తీగచుట్ట) పోయిందని ఎవరు చెప్పినా నమ్మొద్దు, ముందు కనెక్టర్ విప్పండి. స్టేటర్ నుంచి రెగ్యులేటర్‌కు (ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే భాగానికి) మూడు పసుపు వైర్లు వెళ్తాయి. ఆ కనెక్టర్‌లో ఒక పిన్ను వదులైతే నిరోధం పెరిగి వేడెక్కుతుంది, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, ఓల్టేజీ పడిపోతుంది.

కనెక్టర్ బాగుంటే దాన్ని ఊడదీసి ఇంజన్ నడుపుతూ మూడు పసుపు వైర్లలో ఏ రెండింటి మధ్యనైనా ఏసీ ఓల్టేజీ చూడండి. మూడు జతలూ దాదాపు సమానంగా రావాలి. ఇంజన్ ఆపి ఒక్కో పసుపు వైరుకీ ఇంజన్ బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు పారే దారి) చూడండి, అసలు ఉండకూడదు. ఉంటే చుట్ట కాలింది. అప్పుడు కూడా దారి ఉంది, స్టేటర్‌ను మళ్లీ చుట్టించుకోవచ్చు. అదే మందం తీగ, అన్నే చుట్లు, వేడికి ఆగే వార్నిష్ పడాలి. రెగ్యులేటర్‌కు కూడా మూడు ఫేజుల మాస్‌ఫెట్ రకం వేరే బండిది సరిపోతుంది. కాకపోతే గాలి తగిలే చోట బిగించాలి.

ఏబీఎస్ లైటు చూసి మాడ్యులేటర్ పోయిందనుకోవద్దు. చక్రం సెన్సర్ కొస, పల్సర్ రింగు (చక్రంతో పాటు తిరిగే రింగు) శుభ్రం చేసి, లైటు ఎన్నిసార్లు మిణుకుతుందో లెక్కపెట్టి మాన్యువల్‌లో కోడ్ చూడండి. చార్జింగ్ సరిచేశాకే ఈ పని చేయండి, ఓల్టేజీ పడిపోయినా అదే లైటు వెలుగుతుంది. మాడ్యులేటర్‌ను తప్పించి పైపులు నేరుగా కలిపేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సీ-ఏబీఎస్‌లో వెనక పెడల్ నొక్కితే ముందు బ్రేక్ కాలిపర్‌లో ఒక పిస్టన్ కూడా కదులుతుంది. ఆ పైపులు మార్చితే ముందూ వెనకా బ్రేకుల పొందిక చెడుతుంది. మాడ్యులేటర్ బతకాలంటే రెండేళ్లకోసారి డాట్ 4 ఫ్లూయిడ్ మార్చడమే మందు. ఫ్లూయిడ్ తేమను పీల్చుకుంటుంది, లోపలి సన్నటి వాల్వులు తుప్పు పట్టేది అందువల్లే.

పాతగేరు

అన్నీ కొలిపించాను. ఇన్‌టేక్ 0.15, 0.16. ఎగ్జాస్ట్ 0.19, 0.20. లీక్‌డౌన్ 14 శాతం, చప్పుడు సైలెన్సర్‌లోనే. చార్జింగ్ 13.1, ఏసీ మాత్రం మూడు జతలూ సమానం, బాడీకి కంటిన్యుటీ లేదు. పసుపు వైర్ల కనెక్టర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగులో ఉంది. ఏబీఎస్ కోడ్ వెనక చక్రం సెన్సర్ వైపు చూపిస్తోంది. ఇప్పుడున్న ఎగ్జాస్ట్ షిమ్ములు 1.950, 1.925.

జవాబు: షిమ్ముమాస్టర్

అయితే ఇది అమ్మాల్సిన బండి కాదు, ట్యూన్ చేయాల్సిన బండి. రింగుల వైపు గాలి రావడం లేదంటే రింగులు, సిలిండర్ గట్టిగా ఉన్నట్టే.

లెక్క చూడండి: పాత షిమ్ముకు కొలిచిన ఖాళీ కలిపి, ఉండాల్సిన ఖాళీ తీసేయాలి. మొదటిది 1.950 + 0.19 − 0.27 = 1.870. షిమ్ములు 0.025 మి.మీ. తేడాతో వస్తాయి కాబట్టి 1.875 వేయండి. రెండోది 1.925 + 0.20 − 0.27 = 1.855, దానికి 1.850. పాత షిమ్ముల మీది అంకెను నమ్మకుండా మైక్రోమీటర్‌తో కొలవండి, అరిగి ఉండొచ్చు.

ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్లు నడిపి లీక్‌డౌన్ మళ్లీ చూడండి. 10 లోపుకు దిగితే వాల్వులు బతికినట్టే. దిగకపోతే, లేదా 5,000 కి.మీ. లోపే ఖాళీ మళ్లీ తగ్గిపోతే, వాల్వ్ అంచు పోయింది. హెడ్ దింపి సీటు కోయించి, కొత్త ఎగ్జాస్ట్ వాల్వులు వేయాలి. అది కూడా అమ్మేంత పని కాదు. క్రాంక్ గానీ గేర్‌బాక్స్ గానీ పోయిన రోజున మాత్రం, రన్నింగ్‌లో ఉన్న పాత ఇంజన్ దొరికితే సరే, లేకపోతే వదిలేయమనే అంటాను.

జవాబు: పసుపువైరు

కాలిన కనెక్టర్ మొత్తం కత్తిరించేయండి. మూడు వైర్లూ నల్లబడని చోటు వరకు వెనక్కి కోసి, ఎక్కువ కరెంటుకు ఆగే వాటర్‌ప్రూఫ్ కనెక్టర్ క్రింప్ చేయండి. మెలిపెట్టి టేపు చుడితే మళ్లీ ఇదే జరుగుతుంది. వెనక సెన్సర్ కొసకూ రింగుకూ మధ్య ఎడం మాన్యువల్ ప్రకారం ఉందో లేదో చూడండి, వైరు స్వింగ్ ఆర్మ్ దగ్గర ఒరుసుకుపోయిందేమో కూడా చూడండి. సెన్సర్ మార్చాల్సి వచ్చినా మాడ్యులేటర్‌తో పోలిస్తే అది చిన్న పార్టు.

జవాబు: కేటలాగ్‌రాజు

నా మాట కూడా ఉంచుకోమనే. రెండో బండి ఉంది కాబట్టి పార్టు ఆలస్యమైనా మీకు నడుస్తుంది. ఇదొక్కటే బండి అయి, రోజూ దీని మీదే పని జరగాల్సిన వారికి మాత్రం నేనీ సలహా ఇవ్వను. ఇంజన్ ఎంత బాగున్నా ఒక సెన్సర్ కోసం మూడు వారాలు ఎదురుచూడాల్సి వస్తే వాళ్లకు కుదరదు.

కొని పెట్టుకునేటప్పుడు వివేచన ఉండాలి. హెడ్ గాస్కెట్, క్యామ్ చైన్ టెన్షనర్, వెనక ఏబీఎస్ సెన్సర్ చాలు. పాత బండి నుంచి ఈసీఎం, మీటర్, థ్రాటిల్ బాడీ దొరికితే వదలొద్దు. అవి పొడిగా ఉంచితే చాలాకాలం నిలుస్తాయి. ఈసీఎం తీసుకునేటప్పుడు ఏబీఎస్ ఉన్న బండిదా లేనిదా చూసి, మీ నంబరుతో సరిపోల్చుకోండి. రబ్బరువి మాత్రం దాచొద్దు. బ్రేక్ కిట్లు, ఆయిల్ సీల్స్, టైర్లు పెట్టెలో ఉన్నా గట్టిపడతాయి, అవసరమైనప్పుడే కొనుక్కోండి.

ఫ్యూయల్ పంప్ ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది పెట్రోలే. రిజర్వ్ దాకా తెచ్చే అలవాటు ఉంటే మానుకోండి. పోయిన రోజున మొత్తం అసెంబ్లీ కోసం వెతక్కుండా, 294 కేపీఏ ప్రెజర్ ఇచ్చే అదే సైజు మోటారు ఒక్కటే మార్చొచ్చు.

ఫెయిరింగ్ లగ్గు సంగతి: ప్యానెల్ వెనక ప్లాస్టిక్ రకం అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే (బ్రేకు కాదు, ప్లాస్టిక్ పేరు) అదే రకం ముక్కలు అసిటోన్‌లో కరిగించి చిక్కటి పేస్టు చేసి, లోపలి వైపు స్టీలు జాలీ పెట్టి లగ్గు కట్టుకోవచ్చు. రోజంతా ఆరనివ్వండి. పీపీ అని ఉంటే అసిటోన్‌కు కరగదు, పీపీ కడ్డీతో వేడి వెల్డింగ్ చేయించాలి. బిగించే ముందు అవతలి వైపు రబ్బరు గ్రోమెట్ ఉందో లేదో చూడండి. అది గట్టిపడినా, ఊడిపోయినా అదురు మొత్తం లగ్గు మీదే పడుతుంది. గ్రోమెట్ మార్చకుండా లగ్గు కడితే మళ్లీ అక్కడే విరుగుతుంది.