ఆవకాయ కారం: రంగు వేరా, మంట వేరా?

ప్రశ్న:
ఈ వేసవిలో ఆవకాయకు తేజ మిరపకాయలు మాత్రమే కొని కారం పట్టించాను. ముక్క కొరికితే కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గాని, మా అమ్మగారు కలిపే ఆవకాయలోని ఎర్రదనం రాలేదు. కారం ఎక్కువైతే రంగూ ఎక్కువ ఉండాలి కదా? అన్నట్టు, పరదేశం నుంచి వచ్చిన మిరపకు మన మిరియాన్ని పోలిన పేరెలా వచ్చింది?

జవాబు 1:
రంగుకూ మంటకూ పొత్తు లేదండీ. మంట కాప్సైసిన్ వల్ల పుడుతుంది, ఎరుపు కాప్సాంతిన్ వంటి వర్ణకాల వల్ల వస్తుంది. తేజలో మొదటిది బాగా ఎక్కువ. ఒళ్ళంతా ముడతలుండే కర్ణాటక బ్యాడగి కాయలోనూ, వరంగల్ వైపు టమాటా మిర్చి అని పిలిచే లావుపాటి చపాటాలోనూ మంట తక్కువ, రంగు ఎక్కువ. మా ఇంట్లో మూడు పాళ్ళు గుంటూరు సన్నానికి ఒక పాలు బ్యాడగి కలిపి, కాయ వంచితే ఫెళ్ళున విరిగేదాకా ఎండబెట్టి, తొడిమలు తీసి మరకు పంపుతాము. ప్యాకెట్ల మీది ఎరుపును మాత్రం నేను నమ్మను.

జవాబు 2:
మిరపను అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారు ఇక్కడికి తెచ్చారు. అంతకుముందు మన వంటల్లో ఘాటంతా మిరియాలది, పిప్పళ్ళది, అల్లానిది కాబట్టి, కొత్త కాయను జనం పాత ఘాటు పేరుతోనే పిలుచుకున్నారు. తమిళంలో మిళగు అంటే మిరియం, మిళగాయ్ అంటే మిరపకాయ. కన్నడంలో మెణసు, మెణసినకాయి. మన మిరియం, మిరప కూడా ఆ కోవలోవే. ఇక మీ మొదటి సందేహానికి కారణం మన మాటలోనే ఉందేమో: నాలుక మీది మంటనూ, డబ్బాలోని ఎర్రటి పొడినీ మనం ఒకే ‘కారం’ అంటాము. పైగా కరివేపాకు కారం, నల్లకారం అన్నప్పుడు ఎరుపు ప్రసక్తే లేదు.

జవాబు 3:
కలిపిన జాడీని పారవేయకండి. కాప్సైసిన్ నూనెలో, నెయ్యిలో కరుగుతుంది గాని నీళ్ళలో సరిగా కరగదు; అందుకే చెంబెడు నీళ్ళు తాగినా తగ్గని మంట ముద్దపప్పు, నెయ్యి కలిపిన ముద్దతో సద్దుమణుగుతుంది. వచ్చేసారి గింజలు దులిపితే కారం తగ్గుతుందని మాత్రం అనుకోవద్దు. అసలు మంట గింజలను పట్టి ఉంచే తెల్లటి పొరలో ఉంటుంది. చల్లమిరపకాయలకు గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో నానబెట్టేది ఆ పులుపూ ఉప్పూ లోపలి పొరదాకా దిగాలనే.

ప్రశ్న అడిగినవారు:
జాడీలో ఇంకా సగం ఉంది. ఈ పూటకు కందిపప్పు పొయ్యి మీద పెట్టాను.