1990 జనవరి 30న పుట్టినవారిది లోహ అశ్వమా, మట్టి సర్పమా?

ప్రశ్న (నదీతీరం):
నేను 1990 జనవరి 30న, మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో పుట్టాను. చైనా జ్యోతిషం ప్రకారం నాది లోహ అశ్వం అని ఒకచోట, మట్టి సర్పం అని మరొకచోట చదివాను. ఇది మొదటి చిక్కు. రెండోది ఇంకా విచిత్రంగా ఉంది. గుర్రం రాశి మూలకం అగ్ని అని అందరూ రాస్తున్నారు, మరి అదే గుర్రం లోహ అశ్వం ఎలా అవుతుంది? అగ్ని లోహాన్ని కరిగిస్తుందనేది ఆ శాస్త్రమే చెప్పే మాట కదా. ఫలితాలు చెప్పించుకోవాలని కాదు, లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

సమాధానం (తిథివారం):
మీ తేదీ సరిగ్గా రెండు లెక్కలకూ మధ్య పడింది. చాంద్రమానం ప్రకారం ఆ ఏటి చైనా కొత్త సంవత్సరం జనవరి 27న మొదలైంది కనుక ఆ లెక్కలో మీరు మూడు రోజుల తేడాతో లోహ అశ్వంలోకి వచ్చారు. కానీ బాజీ, అంటే పుట్టిన ఏడు, నెల, రోజు, ఘడియ అనే నాలుగు స్తంభాలతో జాతకం కట్టే పద్ధతిలో, సంవత్సరం మారేది అమావాస్యను బట్టి కాదు, సూర్యుని గతిని బట్టి వచ్చే లీచున్ నాడు. వసంతారంభమైన ఆ రోజు దాదాపు ప్రతి ఏటా ఫిబ్రవరి 4 ప్రాంతంలో వస్తుంది. ఆ విధంగా చూస్తే జనవరి 30 ఇంకా 1989వ సంవత్సరమే, అంటే మట్టి సర్పం. రెండు చోట్లా తప్పు లేదు, ఏ లెక్క పాటిస్తున్నారో చెప్పకపోవడమే లోపం.

సమాధానం (అరవైమెట్లు):
రెండో సందేహానికి వస్తాను. మూలకం రెండు వేర్వేరు చోట్ల నుంచి వస్తుంది, చాలామంది వ్యాసకర్తలు ఆ రెంటినీ కలిపేస్తారు. పన్నెండు జంతువులు నిజానికి పన్నెండు భూశాఖలకు, అంటే చైనా కాలగణనలో ఏళ్ళనూ వేళలనూ లెక్కపెట్టే పన్నెండు పేర్లకు గుర్తులు. గుర్రం ఏడోదైన ‘వూ’ శాఖకు చెందింది. దాని దిక్కు దక్షిణం, కాలం నడి వేసవి, వేళ పగలు పదకొండు నుంచి ఒంటిగంట వరకు, అందుచేత దాని సహజ మూలకం అగ్ని. ఇది ఏ ఏడాదికీ మారదు. మారేది శాఖకు పైన జతగా ఉండే ఆకాశకాండం, అంటే ఏడాదికి మూలకం పేరు ఇచ్చే రెండో వరుస. అవి పది. కలప, అగ్ని, మట్టి, లోహం, జలం అనే అయిదింటికీ యాంగ్ (ధన), యిన్ (ఋణ) అని రెండేసి చొప్పున ఉంటాయి.

పది, పన్నెండు కలిస్తే నూట ఇరవై జంటలు రావాలనిపిస్తుంది, కానీ యాంగ్ కాండం యాంగ్ శాఖతోనే, యిన్ కాండం యిన్ శాఖతోనే కూడుతుంది కాబట్టి అరవై మాత్రమే వస్తాయి. గుర్రం యాంగ్ శాఖ కనుక దానికి దక్కేవి అయిదు యాంగ్ కాండాలే: 1954 కలప, 1966 అగ్ని, 1978 మట్టి, 1990 లోహం, 2002 జలం, మళ్ళీ 2014 కలప. ఏడాది చివరి అంకె చూసినా చాలు. సున్నా, ఒకటి లోహం, రెండు, మూడు జలం, అలా సాగుతుంది. కాబట్టి లోహ అశ్వం అంటే అగ్ని పీఠం మీద కూర్చున్న లోహం. మీరన్న విరోధం అందులో ఉన్నమాట నిజమే. ఆ సంవత్సరాన్ని వ్యాఖ్యానించేవారు మొదట చూసేది దాన్నే.

ప్రశ్న (నదీతీరం):
చాలా స్పష్టంగా ఉంది. అయితే బాజీ లెక్కలో నాకు గుర్రంతో సంబంధమే లేనట్టా?

సమాధానం (తిథివారం):
ఉంది. మీరు పుట్టిన వేళ పదకొండు, ఒంటిగంట మధ్యది కనుక మీ ఘడియ స్తంభంలో ఉన్నది గుర్రమే. పైగా ఆ పద్ధతిలో మనిషి సొంత మూలకంగా తీసుకునేది పుట్టిన రోజు స్తంభంలోని కాండాన్నే గాని సంవత్సరపు మూలకాన్ని కాదు. జంతువుల పట్టిక చూసి స్వభావం చెప్పేవాళ్ళు ఈ సంగతి తరచూ దాటవేస్తారు.

సమాధానం (అరవైమెట్లు):
ఒక ముక్క చేరుస్తాను. గుర్రపు అగ్నికి కాండపు అగ్ని తోడైతే అగ్ని అశ్వం. 1966 తర్వాత అది 2026 ఫిబ్రవరి 17న మొదలవుతుంది. ఆ ఏట పుట్టిన ఆడపిల్లలు భర్తకు కీడు చేస్తారన్న మూఢనమ్మకం జపాన్‌లో బలంగా ఉండేది. 1965లో అక్కడ 18 లక్షలకు పైగా ఉన్న జననాలు 1966లో సుమారు 13.6 లక్షలకు పడిపోయి, మరుసటి ఏడే 19 లక్షలు దాటాయి. నమ్మకం నిజమా కాదా అన్నది పక్కన పెడితే, ఆ పల్లం జనాభా పటంలో ఇప్పటికీ గాటులా కనిపిస్తుంది. జపాన్ 1873లో గ్రెగోరియన్ క్యాలెండర్‌కు మారాక జంతు సంవత్సరాన్ని కూడా జనవరి 1 నుంచే లెక్కించడం అలవాటైంది. ఆ లెక్కలో మీరు ఏ తర్జనభర్జనా లేకుండా గుర్రమే.