సహకార సంఘంలో డిపాజిట్: అజమాయిషీ రిజిస్ట్రారుదా, రిజర్వు బ్యాంకుదా?

ప్రశ్న
మా నాన్నగారు పదవీ విరమణ సొమ్ములో ఆరు లక్షలు మా జిల్లాలోని ఒక పరస్పర సహాయక సహకార సంఘంలో ఫిక్సెడ్ డిపాజిట్ చేశారు. రసీదు మీద "ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పొందినది" అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. గడువు తీరి నెల దాటినా "వచ్చే వారం రండి" అంటున్నారు. ప్రభుత్వమే నమోదు చేసినప్పుడు రిజర్వు బ్యాంకు జోక్యం చేసుకోదా?

సమాధానం 1
నమోదు వేరు, బ్యాంకింగ్ లైసెన్సు వేరు. ఈ సంఘాలు 1995 నాటి రాష్ట్ర చట్టం కింద నమోదవుతాయి. ప్రభుత్వ జోక్యం తగ్గించి పెత్తనం సభ్యులకే అప్పగించాలన్నది ఆ చట్టం ఉద్దేశం కనుక, రిజిస్ట్రారు (సహకార సంఘాలను నమోదు చేసే రాష్ట్ర అధికారి) ఇక్కడ బ్యాంకు తనిఖీదారు పాత్ర పోషించరు. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణ లైసెన్సున్న అర్బన్ సహకార బ్యాంకులకు వర్తిస్తుంది. వాటి మీద కూడా 1966 నుంచి రిజిస్ట్రారు, రిజర్వు బ్యాంకు ఇద్దరి అజమాయిషీ సాగింది. ఏదైనా తేడా వస్తే ఒకరి మీద ఒకరు నెట్టుకోవడానికి అది బాగా పనికొచ్చింది. 2019లో పీఎంసీ బ్యాంకు (పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు) ఖాతాదారులు రిజర్వు బ్యాంకు ఆంక్షల వల్ల మొదట వెయ్యి రూపాయలకు మించి తీసుకోలేకపోయిన తర్వాతే, బ్యాంకింగ్ నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణతో రిజర్వు బ్యాంకు అధికారాలు పెరిగాయి. లైసెన్సు లేని మీ సంఘం ఆ పరిధిలోకి రాదు.

సమాధానం 2
పై వివరణకు ఒక చేర్పు. బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంటుంది (2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే). సంఘంలో దాచిన సొమ్ముకు ఆ బీమా లేదు. నాన్నగారు ఓటు హక్కున్న సభ్యులా, నామమాత్రపు సభ్యులా అన్నది కూడా చూడండి. సభ్యులు కానివారి నుంచి, నామమాత్రపు సభ్యుల నుంచి కొన్ని సంఘాలు డిపాజిట్లు తీసుకుంటున్నాయని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రజలను హెచ్చరించింది.

ప్రశ్న అడిగినవారు
రసీదు వెనక చిన్న అక్షరాల్లో "నామమాత్రపు సభ్యత్వ రుసుము రూ. 10" అని ఉందండీ. ఇన్నాళ్లూ మేము చూడనే లేదు.

సమాధానం 1
అయితే ఇక నోటిమాటలు వద్దు. సొమ్ము చెల్లించమని లేఖ రాసి, నకలు మీద సంఘం ముద్రతో తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఆ నకలుతో జిల్లా సహకార అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. డిపాజిటర్ల పరిరక్షణకు 1999లో వచ్చిన రాష్ట్ర చట్టం కింద ఆస్తుల జప్తుకూ అవకాశం ఉంది కాబట్టి, మీలాంటి డిపాజిటర్లు నలుగురైదుగురు కలిసి న్యాయవాదిని సంప్రదించి పోలీసు ఫిర్యాదు చేయడం మేలు.